పాముకాటు పేజీ మాత్రం చింపేయండి, మాస్టారూ

ప్రశ్న: సార్, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఈ ఏడు మా హెడ్ మాస్టారు స్కౌట్ యూనిట్ తెచ్చి నా నెత్తిన పెట్టారు. బేసిక్ కోర్సు చేసి వచ్చాను. 24 మంది పిల్లలు పేర్లిచ్చారు. నా చిన్నప్పుడు మా స్కౌట్ మాస్టారు మమ్మల్ని గుట్టల్లోకి తీసుకెళ్ళి వంట చేయించేవారు, దారిలో గుర్తులు పెట్టి వెతికించేవారు. ఇప్పుడు ఎక్కడ చూసినా కవాతు, ర్యాలీ, ఆగస్టు 15న సెల్యూట్, అంతే. నాకు ఆ పాత పద్ధతిలో నడపాలని ఉంది. నెట్‌లో వెతికితే వందల పీడీఎఫ్‌లు, వీడియోలు వస్తున్నాయి. సాంప్రదాయ స్కౌటింగ్ అంటూ వేరే సంఘాలు కూడా కనిపిస్తున్నాయి. ఏది నమ్మాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఇంగ్లీషు చదవగలను గానీ పిల్లలకు తెలుగులోనే చెప్పాలి. స్కూల్లో దీనికి డబ్బు లేదు. తాళ్ళు కూడా లేవు.
ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

సమాధానం:

మాస్టారూ, "నెత్తిన పెట్టారు" అన్న మాట చదివి నవ్వుకున్నాను. నాకూ అలాగే వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో అందరికంటే చిన్నవాడికి స్కౌట్ యూనిట్ అప్పగించడం మన బళ్ళలో ఆచారం. అప్పట్లో నాకున్నది అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి, దాన్ని ఇచ్చిన సీనియర్ ఒకాయన. మీకేమో ఫోన్ నిండా పుస్తకాలు, చెప్పే మనిషి లేడు. రెండింట్లో మీ కష్టమే పెద్దది అనిపిస్తోంది. నాకు దొరికిన ఒక్క పుస్తకాన్ని చచ్చినట్టు చివరిదాకా చదివాను. మీరు వంద దించుకుని ఒక్కటీ చదవకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

అందుకే ముందు మూడంటే మూడే చెబుతాను.

మొదటిది స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పావెల్ 1908లో రాసిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్'. రెండు వారాలకో భాగం చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. ఇది పిల్లల కోసం రాసింది, మీరు ఒక్క ఆదివారంలో తిరగేయొచ్చు. రెండోది ఆయనే ఆ తర్వాత మాస్టర్ల కోసం రాసిన 'ఎయిడ్స్ టు స్కౌట్‌మాస్టర్‌షిప్'. చిన్న పుస్తకం, అసలు మీకు కావాల్సింది ఇదే. మూడోది రోలండ్ ఫిలిప్స్ 1914లో రాసిన 'ది పెట్రోల్ సిస్టమ్'. పెట్రోల్ అంటే ఒక నాయకుడి కింద ఉండే స్కౌట్ పిల్లల చిన్న జట్టు. ఆయన 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలోని సోమ్ పోరులో చనిపోయాడు. కుర్రవాడు రాసిన పుస్తకం కదా, అందులో ఇంకా కుర్రతనం ఉంటుంది. బేసిక్ కోర్సులో పెట్రోల్ గురించి బోర్డు మీద గీసి చూపించిన డబ్బాలన్నీ ఇది చదివాక మనుషులవుతాయి.

ఇవి ఎక్కడ దొరుకుతాయి అంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పేరు ఇంగ్లీషులో కొడితే స్కాన్ కాపీలు వస్తాయి. పాత స్కౌటింగ్ పుస్తకాలనే ఏరి కుప్పపోసిన 'ది డంప్' అనే కెనడా సైటు ఒకటి ఉంది. పేరుకు తగ్గట్టే చెత్తకుప్పలా కనిపిస్తుంది గానీ, లోపల బంగారం. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 1911 నాటి అమెరికా స్కౌట్ హ్యాండ్‌బుక్ ఉంది. స్కాన్ బొమ్మలు కాకుండా మామూలు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చదవడానికి సుఖం.

తెలుగు సంగతి. బేడెన్ పావెల్ పోయింది 1941 జనవరిలో. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. అంటే 2001తోనే తీరిపోయింది. ఆయన రాసిన పేజీలను మీరు నిక్షేపంగా తెలుగు చేసుకోవచ్చు, జిరాక్స్ తీసి పిల్లలకు పంచొచ్చు. ఎవరూ అడగరు. ఇప్పటి హ్యాండ్‌బుక్కులు అలా కాదు, వాటిని కొనాల్సిందే. అనువాదం కూడా మొత్తం మీరే చేయకండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు టీచర్ సాయంతో వారానికో పేజీ ఇవ్వండి. నేను అలా చేయిస్తే ఒకడు క్యాంప్‌ఫైర్‌ని 'శిబిరంలో అగ్నిప్రమాదం' అని రాసుకొచ్చాడు. ఆ మాట మా ట్రూప్‌లో పదేళ్ళు బతికింది.

ఇక ఆ పుస్తకాల్లో ఉన్న అసలు సరుకు ఏమిటంటే, పెట్రోల్. మీ చిన్నప్పటి మాస్టారు గుర్తున్నారు కదా. ఆయన వంట చేయించేవారు అన్నారు, చేసేవారు అనలేదు. కిటుకు అక్కడే ఉంది. ఆరుగురికి ఒక నాయకుడు, వాడికి నిజమైన పని, ఆ పని చెడిపోయే స్వేచ్ఛ. మీ 24 మందిని ఆరుగురు చొప్పున నాలుగు పెట్రోళ్ళు చేయండి. 1907 ఆగస్టులో బ్రౌన్సీ దీవిలో బేడెన్ పావెల్ పెట్టిన మొట్టమొదటి క్యాంపులోనూ నాలుగే: తోడేళ్ళు, ఎద్దులు, కర్ల్యూ పిట్టలు, రావెన్ కాకులు. ఓ ఇరవై మంది పిల్లలు. అందులో కొందరు డబ్బున్న బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, కొందరు చుట్టుపక్కల ఊళ్ళ కూలీ ఇళ్ళ పిల్లలు. అందరినీ ఒకే పెట్రోళ్ళలో కలిపేశాడు. 1907 ఇంగ్లండ్‌లో అది చిన్న విషయం కాదు. మన ఊళ్ళో కూడా కాదు. ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లలతోనే పెట్రోల్ కడతామంటారు, మీరు ఊరుకుంటే అలాగే కట్టేస్తారు. పేర్లు మాత్రం వాళ్ళనే పెట్టుకోనివ్వండి. పాలపిట్ట అంటారు, ముంగిస అంటారు, ఉడుము అంటారు. ఏ జంతువు పేరైతే దాని అరుపే పెట్రోల్ పిలుపు అన్నది పాత రూలు. ఉడుము ఎలా అరుస్తుందో వాళ్ళే తేల్చుకుంటారు, మీరు కల్పించుకోవద్దు.

శనివారం మీటింగ్ అయిన తర్వాత నలుగురు పెట్రోల్ లీడర్లను చెట్టు కింద కూర్చోబెట్టి, వచ్చే వారం ఏం చేద్దామని అడగండి. కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటే అదే. మొదటి నెల నలుగురూ నేల చూపులు చూస్తారు, లేదంటే క్రికెట్ అంటారు. ఓపిక పట్టండి. రెండో నెలలో ఒకడు "సార్, చెరువు అవతలికి పోదాం" అంటాడు. మీరు "సరే, దారి ఎవరికి తెలుసు?" అని మాత్రం అడగండి.

వీడియోల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. నా సర్వీసు ఆఖరి ఏళ్ళలో మా బడికి ప్రొజెక్టర్ వచ్చింది. నాకు సరదా పుట్టి ముడుల వీడియో పెట్టాను. యానిమేటెడ్ నాట్స్ అని ఒక సైటు ఉంది, చాలా మంచిది, తాడు తనంతట తానే మెల్లగా ముడి పడుతుంటే చూస్తూ ఉండిపోతాం. పిల్లలూ అలాగే నోరు తెరుచుకుని చూశారు. క్లోవ్ హిచ్, బౌలైన్, షీట్ బెండ్ అన్నీ అయ్యాయి. లైటు వేసి తాళ్ళిచ్చి కట్టమంటే ఒక్కడికీ రాలేదు. అందరూ పీటముడి వేసి కూర్చున్నారు. వెనక బెంచీలో ఒక పిల్లవాడు మాత్రం కిటికీ ఊచకు తాడు రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దోపి లాగాడు. చక్కటి క్లోవ్ హిచ్. వీడియో చూసి నేర్చుకున్నావా అంటే తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాన్న గీత కార్మికుడు. తాటిచెట్టు మీద కుండ దగ్గర తాడు అలాగే కడతాడట.

మర్నాడు ఆ తండ్రినే బడికి పిలిచాం. చెట్టెక్కే తాళ్ళు, అదే మోకు, ముస్తాదు పట్టుకుని వచ్చాడు. మోకు ఎక్కడ అరిగితే మార్చాలో, తడిసిన తాడును ఎందుకు నమ్మకూడదో గంటసేపు చెప్పాడు. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు గానీ, ముడి చూపించేటప్పుడు మాత్రం మా అందరినీ కింద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నుంచి ప్రొజెక్టర్‌ను ముడుల కోసం వాడలేదు. వీడియో నేను రాత్రి ఇంట్లో చూసుకునేవాణ్ణి, మంచం కోడుకు కట్టి కట్టి చేయి తిరిగాక బడిలో చూపించేవాణ్ణి. మీరూ అలాగే వాడండి. మీ జిల్లాలో తాటిచెట్లకు కొదవ లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సిన సంగతి. పాత పుస్తకం పద్ధతి చెబుతుంది, దాన్ని నమ్మండి. వైద్యం కూడా చెబుతుంది, దాన్ని మాత్రం నమ్మకండి.

నేనూ మీలాగే పాత పేజీలు జిరాక్స్ తీసి పంచేవాణ్ణి. ఒకసారి హైక్‌కు బయల్దేరే ముందు పెట్రోల్ బాక్సులు తనిఖీ చేస్తుంటే ప్రథమ చికిత్స డబ్బాలో దూది పక్కన కాగితంలో చుట్టిన కొత్త బ్లేడు, నులక తాడు ముక్క కనిపించాయి. ఇదేమిట్రా అంటే పెట్రోల్ లీడర్ గర్వంగా చెప్పాడు: "పాము కరిస్తే కోయడానికి సార్. మీరిచ్చిన కాగితంలోనే ఉంది." నిజమే, నేనిచ్చిన కాగితంలోనే ఉంది. కాటు మీద కోసి రక్తం పీల్చి ఉమ్మేయాలని, పైన బిగించి కట్టాలని. నాకు కాళ్ళు వణికాయి. ఆ రోజు ఏ పామూ రాలేదు గానీ, వచ్చి ఉంటే ఆ పిల్లవాడు నేను నేర్పింది నేర్పినట్టు చేసి ఉండేవాడు.

ఇప్పుడు డాక్టర్లు చెప్పేది ఇంతే. కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా కట్టకూడదు. కాటు పడ్డ వాణ్ణి నడిపించకూడదు. ఆ చెయ్యో కాలో కదలకుండా కర్రతో ఆనించి, ఉంగరం, మొలతాడు, గడియారం లాంటి బిగుతైనవి తీసేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేయాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ మన దేశంలో ఒకే ఇంజెక్షన్ పనిచేస్తుంది కాబట్టి పామును చంపి మోసుకెళ్ళే పని కూడా లేదు. నీళ్ళలో మునిగినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కే పద్ధతి కూడా పాత పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది. అదీ ఎప్పుడో పోయింది. 1960ల నుంచి ఛాతీ మీద నొక్కే సీపీఆర్ వచ్చింది. కాబట్టి ప్రథమ చికిత్స అధ్యాయాలను పిల్లలకిచ్చే కాపీల్లోంచి పూర్తిగా తీసేయండి. ఆ పాఠానికి మీ పీహెచ్‌సీ డాక్టరమ్మను గానీ, రెడ్ క్రాస్ వాళ్ళను గానీ, 108 బండిలోని టెక్నీషియన్‌ను గానీ పిలవండి. అడిగితే వస్తారు. మేం పిలిచిన ప్రతిసారీ వచ్చారు.

ఆకాశం విషయంలో ప్రాణాపాయం లేదు గానీ తమాషా ఉంది. ధ్రువ నక్షత్రం చూసి ఉత్తరం కనుక్కోండి అని ప్రతి స్కౌట్ పుస్తకమూ చెబుతుంది. రాసినవాడు లండన్‌లో కూర్చుని రాశాడు. అక్కడ అది 51 డిగ్రీల ఎత్తున వెలుగుతూ ఉంటుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా దాదాపు అంతే. మీకు 17. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెడితే, పై పిడికిలిలోనే అది ఇరుక్కుపోతుంది. మధ్యలో ఒక వేపచెట్టో గుట్టో ఉందంటే కథ కంచికే. దానికి తోడు సప్తర్షులను ఆధారం చేసుకోమంటారు. మనం క్యాంపు పెట్టేది కార్తీకంలో, మార్గశిరంలో. ఆ రోజుల్లో సాయంత్రం పూట సప్తర్షులు మన దగ్గర నేల కిందే ఉంటాయి. మొదటి క్యాంపులో నేను వాటి కోసం మెడలు నొప్పి పుట్టేలా పిల్లల చేత వెతికించాను.

ఆ కాలంలో సాయంత్రం ఉత్తరాన పైకి కనిపించేది శర్మిష్ఠ, ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా ఉంటుంది. ఉత్తరానికి అది చాలు. తూర్పుకు ఓరియన్ నడుం మీది మూడు చుక్కలున్నాయి, మా వైపు గొల్లకావడి అంటారు. అవి పొడిచేది దాదాపు సరిగ్గా తూర్పునే. స్టెల్లేరియం అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. అందులో మీ ఊరు, క్యాంపు తేదీ, రాత్రి 8 గంటలు అని పెట్టి ముందే చూసుకోండి. క్యాంపులో ఫోన్ జేబులోనే ఉంచండి. పగటికి కూడా ఇదే తంటా. చేతి గడియారం ముల్లును సూర్యుడి వైపు తిప్పి దక్షిణం కనుక్కునే ఉపాయం ఇంగ్లండ్‌కు బాగుంటుంది. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళిపోతాడు, గడియారం తప్పు చెబుతుంది. కర్ర పాతి నీడ కొసన రాయి పెట్టండి, ఇరవై నిమిషాలాగి మళ్ళీ కొసన ఇంకో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

పుస్తకాలు కాకుండా నిజంగా పనికొచ్చే సైట్లు కొన్ని ఉన్నాయి, అవి స్కౌటింగ్ వాళ్ళవి కాకపోవడమే చిత్రం. సర్వే ఆఫ్ ఇండియా తన టోపో షీట్లను నెట్‌లో పెట్టింది. రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దించుకోవచ్చు. 50 వేల స్కేలు షీటులో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. మీ మండలం షీటు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి గోడకు కొట్టండి. సోషల్ టీచర్లు కదా, మీకు వేరే చెప్పాలా? పిల్లలు మొదట వాళ్ళ ఊరి చెరువు వెతుక్కుంటారు, తర్వాత గుడి, తర్వాత ఇప్పుడు లేని బావి. ఆ బావి నిజంగా ఎక్కడుండేదో కనుక్కుని రమ్మని ఒక పెట్రోల్‌ను పంపండి. ముసలివాళ్ళను అడక్క తప్పదు. ఒక శనివారం అలా గడిచిపోతుంది. పిడుగుల కోసం పుణెలోని వాతావరణ శాస్త్ర సంస్థ వాళ్ళ దామిని యాప్ పెట్టుకోండి. బహిరంగ మైదానంలో 24 మందితో ఉన్నప్పుడు అది ఉండాలి.

కిమ్స్ గేమ్ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే దానికి ఏ సైటూ అక్కర్లేదు. పళ్ళెంలో ఇరవై, ముప్పై వస్తువులు పెట్టి ఒక్క నిమిషం చూపించి, గుడ్డ కప్పి రాయమనడం. కిప్లింగ్ 1901 నవల 'కిమ్'లో లాహోర్ కుర్రవాడికి ఇచ్చిన శిక్షణ అది, బేడెన్ పావెల్ అక్కడి నుంచి తీసుకున్నాడు. అంటే మన నేల మీది ఆటే ఇంగ్లండ్ చుట్టి తిరిగి మన దగ్గరికి వచ్చింది. చింతగింజ, మేకు, గుండీ, బీడీ కట్ట మీది కాగితం, కోడి ఈక, వేపపుల్ల పెట్టండి. మామూలు చింతగింజ పక్కన సగం అరిగిన అష్టాచెమ్మా గింజ ఒకటి పెట్టి, తేడా ఎవడు రాస్తాడో చూడండి.

సాంప్రదాయ స్కౌటింగ్ పేరుతో కనిపించే వేరే సంఘాల గురించి అడిగారు. దాని వెనక కథ బ్రిటన్‌ది. అక్కడ 1966లో స్కౌటింగ్‌ను ఆధునికం చేయాలని ఒక నివేదిక వచ్చింది. నిక్కర్లు పోయి ప్యాంట్లు వచ్చాయి, వెడల్పు అంచు టోపీ పోయింది, సంఘం పేరులోంచి 'బాయ్' అన్న మాట తీసేశారు, పెద్ద కుర్రాళ్ళ కోసం ఉన్న రోవర్ విభాగం ఎత్తేశారు. అది నచ్చనివాళ్ళు 1970లో బేడెన్ పావెల్ పేరుతోనే వేరే సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలు కొన్ని కలిసి 1996లో జర్మనీలో ఒక ప్రపంచ సమాఖ్యగా ఏర్పడ్డాయి. వాళ్ళు నెట్‌లో పెట్టిన పాత పరీక్షల జాబితాలు, ఆటలు, పెట్రోల్ పద్ధతులు బాగుంటాయి, చదవండి, వాడుకోండి. నిక్కరు పొడవు గురించి వాళ్ళ గొడవ మాత్రం మనకెందుకు?

చేరడం అంటారా, వద్దంటాను. మీ పిల్లలకు ప్రవేశ్ అనే మొదటి మెట్టు నుంచి తృతీయ సోపాన్ దాకా, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కారం దాకా దారి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోనే ఉంది. ప్రపంచ స్కౌట్ సంస్థలో మన దేశం తరఫున సభ్యత్వం ఉన్నదీ దానికే. కవాతు ఎక్కువైంది అన్న మీ ఫిర్యాదు నిజమే. కానీ వాళ్ళ పుస్తకంలోనే హైక్ ఉంది, కర్రలూ తాళ్ళతో కట్టే పయనీరింగ్ ఉంది, వంటా ఉంది. చేయించొద్దని మీకు ఎవరూ చెప్పలేదు, చేయించమని గట్టిగా అడగలేదు, అంతే. మీ యూనిట్ జిల్లా శాఖలో రిజిస్టర్ అయిందో లేదో మాత్రం ఈ వారమే చూసుకోండి. ఎవరైనా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తామంటే, దానికి విలువ ఉందో లేదో ముందు జిల్లా శాఖను అడగండి. వీలైతే రెండేళ్ళలో అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జ్ కూడా చేయండి. పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం సాత్పురా కొండల్లో ఉంది, ఆ చోటు చూడటానికైనా వెళ్ళాలి.

సంప్రదాయం అంటే ఇంగ్లండ్‌ది ఇంగ్లండ్‌లోలా చేయడం అనుకునేవాళ్ళకు మన దేశపు కథ చెప్పాలనిపిస్తుంది నాకు. 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైనప్పుడు అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లలకు ప్రవేశం లేదు. 1916లో మద్రాసులో అనీ బిసెంట్ మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ మద్రాసు కిందే ఉండేవి. 1918లో అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. ఇలా వేర్వేరుగా పుట్టిన సంఘాలు 1950 నవంబర్ 7న కలిసి భారత్ స్కౌట్స్ అయ్యాయి, మరుసటి ఏడు గైడ్లూ చేరారు. మన నేలకు తగ్గట్టు మార్చుకోవడం మన దగ్గర మొదటి పదేళ్ళలోనే మొదలైంది మరి. అందుకని ట్విస్ట్ బ్రెడ్ కాల్చే పేజీ వస్తే జొన్న రొట్టె చేయించండి, నిప్పు అంటించడానికి బర్చ్ బెరడు అంటే కొబ్బరి పీచో ఎండు తాటాకో అనుకోండి. మొదటి హైక్‌ను కార్తీక వనభోజనం అని చెబితే ఇళ్ళల్లో అనుమతి కూడా తేలిగ్గా దొరుకుతుంది. నేను పదేళ్ళు ఆ పేరుతోనే నెట్టుకొచ్చాను.

పాత పుస్తకాల్లో అస్సలు లేనిది ఒకటుంది, దాన్ని కొత్తవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. పిల్లల భద్రత. ప్రపంచ స్కౌట్ సంస్థ సైటులో 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' అని ఆన్‌లైన్ కోర్సు ఉంది, కొద్ది గంటల్లో అయిపోతుంది. అది చేయకుండా క్యాంపుకు వెళ్ళకండి. క్యాంపులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, ఒంటరిగా ఒక పిల్లవాణ్ణి పక్కకు పిలిచి మాట్లాడే పద్ధతి మీకూ ఉండకూడదు, మీతో వచ్చే వాళ్ళకూ ఉండకూడదు. మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనిపించే చోట. పిల్లల సహాయవాణి 1098 నంబరు పిల్లలందరికీ నోటికి రావాలి. ఇంకొకటి, ఫోటోలు. హైక్ అవ్వగానే ఫోటోలన్నీ పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పడేయడం మన మాస్టర్లందరికీ అలవాటైంది. తల్లిదండ్రుల్ని అడక్కుండా వేయకండి. చెరువులో ఈతకొట్టే ఫోటోలైతే అడిగినా వేయకండి. అసలు చెరువులో దిగనివ్వడమే నాకు ఇష్టం లేదు. ఈత వచ్చిన పెద్దలు ఇద్దరు, గట్టున మోకు లేకపోతే ఆ కార్యక్రమమే వద్దు.

అక్టోబర్‌లో జోటా జోటీ అని ఒకటి వస్తుంది. ప్రపంచం నలుమూలల స్కౌట్లు రేడియోలో, ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే రెండు మూడు రోజులు. ఫోన్ పిల్లల చేతికి ఇవ్వడానికి నేను ఒప్పుకునే సందర్భం అదొక్కటే. ఒక్కొక్క పెట్రోల్‌కు అరగంట ఇవ్వండి, పక్కన మీరు కూర్చోండి. మా పిల్లలు ఒక విదేశీ కుర్రాడితో మాట్లాడి వచ్చి, వాడికి జొన్న రొట్టె అంటే ఏమిటో తెలియదట సార్ అని జాలిపడ్డారు.

చివరగా తాళ్ళు. స్కౌట్ సామాన్ల షాపులో తాళ్ళు కొనకండి, ఖరీదు. వ్యవసాయ సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళి కొబ్బరి నార తాడో నూలు తాడో కిలో లెక్కన తీసుకోండి. నైలాన్ వద్దు, ముడి జారిపోతుంది, పిల్లలు తమ తప్పనుకుంటారు. చిటికెన వేలంత లావు చాలు. మనిషికి రెండు గజాల ముక్క చొప్పున 24, కర్రలు జోడించి కట్టే లాషింగ్‌కు అయిదేసి గజాలవి ఓ ఎనిమిది కోయించండి. వాసాలకు వెదురు ఊళ్ళోనే దొరుకుతుంది. కోసిన రోజే తాళ్ళు పంచేయకుండా, ముందు కొసలకు పురికొస దారం చుట్టి బిగించడం నేర్పండి, విప్పింగ్ అంటారు దాన్ని. ఎవరి తాడు వాళ్ళే చుట్టుకోవాలి. అది మానేస్తే రెండో వారానికి ప్రతి తాడూ చీపురుకట్ట అవుతుంది, మళ్ళీ డబ్బుల కోసం మీరు హెడ్ మాస్టారి గది ముందు నిలబడాల్సి వస్తుంది.